కూతలేని కీచురాళ్ళు

భవానీపురం, విజయవాడ
11 జనవరి 2026, ఆదివారం

శాంతకుమారి మేడం గారికి,
దీవెన నమస్కారాలు.

మా కొండమీది గుహకు అన్యాయం జరిగింది. చేసినవాడు శౌరయ్య. వరసకు నాకు పెదనాన్న, మా కొండకాలనీ గుడి కమిటీకి పెద్ద, రిటైరైన లైన్‌మన్. పేరు పెట్టే రాస్తున్నాను, ఈ ఉత్తరం ఎవరికి చూపించినా నాకు భయం లేదు. క్రిస్మస్‌కి వారం ముందు నిచ్చెన వేసుకుని గుహలో ఎనిమిది ఫ్లడ్‌లైట్లు బిగించాడు. మరియమ్మ స్వరూపం ఉన్న ముందుభాగంలో రెండు పెట్టి ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్నేమో. మిగతా ఆరూ లోపలికి పోయాయి, చివరి గోడదాకా. పండగ అయిపోయింది, ముగ్గురు రాజుల పండగా అయిపోయింది. లైట్లు మాత్రం పగలూ రాత్రీ మండుతూనే ఉన్నాయి.

మీరు మాకు సైన్సు చెప్పడానికి కాలనీకి వచ్చినప్పుడల్లా కిందనే బడిలో కూర్చుని వెళ్ళేవారు. గుహ చూడలేదు. అందుకని చెబుతున్నాను. మూతి నుంచి ముప్పై అడుగులు పోతే పట్టపగలే మన చెయ్యి మనకు కనపడదు. అక్కడ ఎడమకు తిరిగి, వంగి ఇంకో పదిహేను అడుగులు పోతే ఒక గది. పైన గబ్బిలాలు, కింద వాటి పెంట. ఆ పెంట ఆధారంగా ఒక లోకమే బతుకుతోంది మేడం. దెయ్యం లేదని కాలనీ పిల్లలకు చూపించడానికి ఒకసారి తీసుకెళ్ళి, అప్పుడు నేను చూశాను. తర్వాత పధ్నాలుగు నెలలుగా ఒక్క ఆదివారం మానలేదు. నోటుబుక్కు నిండింది.

గోడమీద కీచురాళ్ళు. మన ఇళ్ళలో గ్యాసుబండ వెనక చేరి అరిచే నల్లవి కాదు. లేత తేనెరంగు, గాజుపుల్లల్లాంటి కాళ్ళు, ఒంటికి మూడింతల మీసాలు. రెక్కలు లేవు. అరవవు. పెంటలో బియ్యపుగింజలో సగం ఉండే ఎర్ర పెంకుపురుగులు దుక్కి దున్నుతున్నట్టు తిరుగుతుంటాయి. బూడిదరంగు సంచిలో దూరి సంచితో సహా నడిచే పురుగు ఒకటి. ముట్టుకోబోతే ఎగిరిపడే తెల్లచుక్కలు. వీటికి ఓటు లేదు, రేషన్‌కార్డు లేదు, కమిటీలో సభ్యత్వం లేదు. అందుకే ఎవడికి తోచింది వాడు చేస్తున్నాడు.

నేను కరపత్రం వేస్తాను. వన్‌టౌన్‌లో నేను పనిచేసే జిరాక్సు షాపులో ఓనరుగారు భోజనానికి వెళ్ళే గంట నాది. మీరు నాకు శాస్త్రం పంపండి, తిట్ల సంగతి నేను చూసుకుంటాను.

మీ విద్యార్థిని,
దీవెన


చల్లపల్లి
19 జనవరి 2026

దీవెనా,

నీ ఉత్తరం అందింది. నాలుగు చోట్ల నీ కలం కాగితాన్ని చీల్చేసింది. అయినా ఇదే మేలు. ఫోనులో అయితే నువ్వు తిట్టి, నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోగా చెరిపేస్తావు. కిందటేడు నీ దగ్గర్నుంచి నాకు వచ్చిన వాటిలో సగం ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అన్నవే. అందుకే కాగితం మీద రాయమన్నాను. కాగితం పోస్టుడబ్బా దాకా నడవాలి, ఆ నడకలో కొంత దిగుతుంది.

శాస్త్రం అడిగావు. మొదటి మాట: గుహలో కనిపించిన ప్రతి పురుగూ గుహపురుగు కాదు, మన పండిట్ నెహ్రూ బస్టాండులో కనిపించిన ప్రతివాడూ విజయవాడవాడు కానట్టే. కొందరు బస్సు మారడానికి దిగుతారు. కొందరు లాడ్జీలో నాలుగు రోజులుండి పని చూసుకుని పోతారు. కొందరికి అక్కడే కాపురం. నీ ఎర్ర పెంకుపురుగులు పెంట దొరికితే గోదాంలోనైనా బతుకుతాయి. సంచిపురుగూ అంతే. నువ్వు చెప్పిన ఆనవాళ్ళు నిజమైతే కీచురాయి మాత్రం ఆ గది దాటితే బతకదు. ఎగిరిపడే తెల్లచుక్కలకు ఆరు కాళ్ళున్నా ఇప్పుడు చాలామంది వాటిని కీటకాల్లో కలపడం లేదు, కాబట్టి కరపత్రంలో అందరినీ ఒకే గాటన కట్టకు.

రెండోది. ‘కళ్ళు వాడక పోయాయి, రెక్కలు వాడక పోయాయి’ అని రాస్తావని నాకు తెలుసు, రాయకు. వాడనంత మాత్రాన ఏదీ పోదు. ఆ చీకట్లో రెక్కలు కురచగా పుట్టినదానికి నష్టం రాలేదు. రెక్కకు పోయే మేత మీసానికి పోయింది. తిండి కరువైన చోట అదే లాభం, దాని పిల్లలే నిలిచాయి. అలా వేల తరాలు. కీచురాయి కూసేది నోటితో కాదు, రెక్కమీద రెక్క రాసి. రెక్క పోయాక కూతా పోయింది. అలాంటివి గుడ్లు కూడా తక్కువ పెడతాయి, నెమ్మదిగా పెరుగుతాయి. తగ్గిపోవడం మొదలైతే త్వరగా కోలుకోలేవు. చర్మం పలచన, గాలిలో తేమ తగ్గితే ఎండిపోతాయి. నాకు దిగులు ఇక్కడ.

మా పెరట్లో వంగమొక్కలు వరసగా వాలిపోతుంటే తవ్వి చూశాను, కుమ్మరిపురుగు. అదీ కీచురాళ్ళ చుట్టమే. ముందుకాళ్ళు రెండూ పారలు, ఒంటికి మట్టంటదు. అది తన బొరియ మూతిని బూరలా తీర్చి, అందులో కూర్చుని కూస్తే మా వీధి చివరికి వినిపిస్తుంది. ఇద్దరు చుట్టాలు, ఇద్దరూ నేలలోపలే. ఒకరు మైకు కట్టుకున్నారు, ఒకరు నోరు కట్టుకున్నారు. నువ్వు వీళ్ళలో ఎవరి బంధువువో నన్నడగకు.

కరపత్రం ఆపు. ముందు లెక్క. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టి, అదే గోడ, అదే వేళ, అదే కొలతలో లెక్కపెట్టు. లైట్లకు ముందెన్ని, ఇప్పుడెన్ని. ఇంకొకటి, ఈ లైట్లు ఎందుకు వేశారట? ఉత్తరంలో ఆ ఒక్క ముక్క లేదు.

శాంతకుమారి


భవానీపురం
2 ఫిబ్రవరి 2026

మేడం గారికి,

లెక్క ఇదిగో. గదిలో ఎడమగోడ, నిలువు బారెడు, అడ్డం రెండు బారలు. నవంబరు చివరి ఆదివారం అరవైనాలుగు కీచురాళ్ళు. జనవరి పద్దెనిమిదిన నలభైఒకటి. నిన్న పదిహేడు. గబ్బిలాలు రెండొందల పైన ఉండేవి, ఇప్పుడు ముప్పై నలభై, అవీ లైటు పడని ఒక్క మూలలో ముద్దగా వేలాడుతున్నాయి. కింద పెంట పొడిబారి బీటలు వేసింది. పైవి పోతే కిందవాటికి కూడు ఎవరు పెడతారు?

మీరు ఊహించనివి రెండు చెబుతాను. ప్రతి లైటు చుట్టూ గోడమీద ఆకుపచ్చ పాచి పట్టింది, పళ్ళెం అంత. ఎన్నడూ పచ్చదనం ఎరగని గోడ అది. శౌరయ్య దాన్ని చూపించి ‘మరియమ్మ మహిమ, రాయి చిగురించింది’ అంటున్నాడు! రెండోది బల్లులు. లైట్లకు బయటి పురుగులు వస్తున్నాయి, వాటి వెనక బల్లులు. నిన్న ఒక బల్లి నోట్లో తేనెరంగు కాలు చూశాను మేడం, పొడుగు కాలు, ఇంకా తన్నుకుంటోంది. ఆ కీచురాయికి బల్లి అంటే ఏమిటో కూడా తెలిసి ఉండదు. మీసం తిప్పి పలకరించి ఉంటుంది.

పూజ అవ్వగానే గుడి బయట శౌరయ్యను పట్టుకున్నాను.

‘పెదనాన్నా, లోపలి ఆరు లైట్లు తీసెయ్యండి.’

‘ఎందుకమ్మా? నీ పురుగులకి నిద్ర పట్టట్లేదా?’

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

‘అవి చచ్చిపోతున్నాయి.’

‘చావనీ. దోమల మందు ఖర్చు తప్పింది. ఏం పిల్లవే! అందరూ గుళ్ళోకి మొగుణ్ణిమ్మని అడగడానికి వస్తే నువ్వు చీకటిమ్మని అడగడానికి వచ్చావు.’

‘ముసలాళ్ళు సిలువమార్గం ప్రార్థనకి వస్తారు, చీకట్లో పడితే నువ్వు లేపుతావా?’ అని ఆయన భార్య శౌరమ్మ పెద్దమ్మ కూడా అందుకుంది. నేను ఊరుకోలేదు. కొండ మీ అబ్బదా అన్నాను. అనకూడదు, ఆయన అబ్బ మా తాతకు అన్నగారే. అందరూ మళ్ళీ నవ్వారు.

కరపత్రం రాసేశాను. మకుటం: ‘ఎవరడిగారు ఈ లైట్లు?’ కింద పెద్దక్షరాలలో శౌరయ్య పేరు. ఐదువందల కాపీలు. మీరు ఒక్కసారి చూసి శాస్త్రం తప్పులుంటే దిద్దండి. గురువారంలోగా వస్తే మంచిది, శుక్రవారం ఓనరుగారు కాగితం రీములు లెక్కపెడతారు.

దీవెన


చల్లపల్లి
9 ఫిబ్రవరి 2026

దీవెనా,

శాస్త్రం తప్పులు లేవు. లెక్క బాగుంది. బల్లి సంగతి చదివి కాసేపు నేను అన్నం ముందు కూర్చోలేకపోయాను.

‘ఎవరడిగారు ఈ లైట్లు?’ అని అడిగావు. జవాబు నా బీరువాలో ఉంది. ఇందులో పెట్టి పంపుతున్నాను, చించకు, నా దగ్గర ఇదొక్కటే కాపీ.

2024 అక్టోబరు నాటి అర్జీ. బుడమేరు పొంగి మీ కాలనీ అంతా కొండెక్కి గుహలో రెండు రోజులు కూర్చుని దిగిన నెల తర్వాత. ‘కొండగుహలో కరెంటు దీపాలు మన హక్కు.’ రాసింది దీవెన. రెండో పేజీలో మూడో పేరా చూడు: ‘చివరి గోడ వరకు దీపాలు వేయాలి. చీకటి ఉన్నచోటే దెయ్యాల కథలు పుడతాయి. ఒక్క మూలను కూడా వదలకూడదు. కనీసం పది దీపాలు.’ కింద నూటపన్నెండు సంతకాలు. కమిటీకి ఒక ప్రతి, వార్డు ఆఫీసుకు ఒక ప్రతి.

అమ్మాయ్, శౌరయ్య ఎనిమిదే వేశాడు. నువ్వు అడిగింది పది.

నిన్ను అవమానించడానికి పంపలేదు. వరదలో ఆ పిల్లలు చీకట్లో రెండు రాత్రులు ఏడ్చారని నువ్వు రాసిన పేరా ఇప్పుడు చదివినా నిజమే అనిపిస్తుంది. కాని ఈ కొత్త కరపత్రం అచ్చయిన రోజు సాయంత్రానికే ఆయన పాత అర్జీని గుడి గోడకు అంటిస్తాడు. అప్పుడు నీ కీచురాళ్ళ తరఫున మాట్లాడే నోరు ఒక్కటీ మిగలదు. ఇంకా అచ్చు వేయలేదనే ఆశతో.

శాంతకుమారి


భవానీపురం
22 ఫిబ్రవరి 2026

మేడం గారికి,

కరపత్రం వేయలేదు. మీరు గెలిచారు.

అవును, నేనే రాశాను. అయితే? అప్పుడు నాకు ఆ గది సంగతి తెలియదు. తెలిశాక అర్జీ వెనక్కి ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. మన ఆఫీసుల్లో అర్జీ పెడితే పని అవుతుందని ఎవరనుకుంటారు మేడం? మా వీధి కాలవకు నాలుగు అర్జీలు పెట్టాం, కదల్లేదు. కుళాయికి ఆరు, కదల్లేదు. దీనికే కదలాలా?

అంత తెలిసిన శౌరయ్య నన్ను పిలిచి అడగొచ్చుగా? గుహలో ఏముందో కళ్ళున్నవాడు చూడొచ్చుగా? మీరు కూడా లెక్క, లెక్క అంటారు. ఇవాళ తొమ్మిది. లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఒకటి దాకా చక్కగా లెక్కపెట్టవచ్చు. సున్నాకి లెక్క కూడా అక్కర్లేదు.

మీ పాత కాగితం తిప్పి పంపుతున్నాను. చించలేదు. ఇకమీదట రాయను, చేస్తాను.

దీవెన


చల్లపల్లి
4 మార్చి 2026

దీవెనా,

పది రోజులుగా నీ జాబు లేదు. నిన్న పెద్దాసుపత్రిలో నర్సుగా ఉన్న నా పాత విద్యార్థిని స్టెల్లా ఫోను చేసింది. మాటల్లో, మీ నాయనమ్మ అమలమ్మగారు కిందటి శుక్రవారం సాయంత్రం గుహలో పడ్డారని, కుడి మణికట్టు విరిగి కట్టు కట్టించుకున్నారని చెప్పింది. గుహలో హఠాత్తుగా కరెంటు పోయిందట. ఫ్యూజు ఎవరో ఎత్తుకుపోయారట. కేబుల్ మనిషి సంజీవరావే దొంగ అని, అతన్ని కొండ ఎక్కనివ్వడం లేదని కూడా చెప్పింది.

నీ ఆఖరి ఉత్తరంలో ఆఖరి వాక్యం నా దగ్గరుంది. దాన్ని నాలుగుసార్లు చదివాను. నేను ఏమీ అడగడం లేదు. మీ నాయనమ్మ ఎలా ఉన్నారో రాయి. ఆమె ఎలా పడ్డారో కూడా నువ్వే రాయి.

శాంతకుమారి


భవానీపురం
10 మార్చి 2026

మేడం గారికి,

ఫ్యూజు పీకింది నేనే.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు. మెట్ల కింద డబ్బా ఉంటుంది, తాళం ఉండదు. పీకి హ్యాండుబ్యాగులో వేసుకుని, ఏదో దేశాన్ని విడిపించినదానిలా ఇంటికి నడిచాను. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం శుక్రవారాలు మా నాయనమ్మ అందరికంటే గంట ముందే గుహకు వెళ్ళి జపమాల చెప్పుకుంటుందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ ఐదు నిమిషాలు మాత్రం అది గుర్తు రాలేదు. పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్క ఉంది నా దగ్గర, లోపల మనిషి ఉందో లేదో చూడలేదు.

శౌరయ్యే మోసుకొచ్చాడు ఆమెను. డెబ్బై మెట్లూ. మా గడపలో దింపి ఆయాసపడుతూ ‘దీవెనా, మంచినీళ్ళు’ అన్నాడు. ఇచ్చాను. బ్యాగు నా భుజానికే ఉంది.

తెల్లారేసరికి ఆయన కొత్త ఫ్యూజు వేశాడు. డబ్బాకి తాళం వేశాడు. సంజీవరావన్న ఆ డబ్బా పక్కనుంచే కేబుల్ లాగుతాడు గనక అతని మీద పడ్డారు. అతను నాలుగు వీధులకు వినపడేలా అరిచాడు, ‘నేను ఇరవైఏళ్ళ నుంచి మీకు సీరియళ్ళు చూపిస్తుంటే నాకు ఇదా?’ అని. కొందరు నవ్వారు. నేను తలుపు వేసుకున్నాను.

నిన్న నాయనమ్మకు అన్నం కలిపి తినిపిస్తూ అడిగాను.

‘చీకట్లో కాలు జారిందా?’

‘చీకట్లో కాదే. వెలుగులో నడుస్తా ఉంటే చీకటైంది. రెండూ ఒకటేనా?’

‘ఏంటి తేడా?’

‘యాభై ఏళ్ళు పోయాను ఆ గుహలోకి. దీపం ఎక్కడిది? ఎడం చెయ్యి గోడకి, కుడి చెయ్యి ముందున్నదాని కొంగుకి. అందరం అట్టా వరస కట్టి పాట పాడుకుంటా పోయేవాళ్ళం. గోడమీద చేతులు తగిలి తగిలి ఒక చార నున్నగా అరిగింది, గచ్చులాగా. ఆ నునుపు మీద పోతా ఉంటే చాలు. గరుకు తగిలిందంటే కింద మెట్టొచ్చినట్టు. అట్టా పోయినోళ్ళం ఒక్కళ్ళం పడ్డామా? మీ పెదనాన్న లైట్లేశాక చెయ్యి తీసేశాను. రెండు నెల్లకే మర్చిపోయింది నా చెయ్యి. కరెంటు పోగానే గోడ ఎటుందో తెలీలేదు.’

‘నాకు ఎప్పుడూ చెప్పలేదే?’

‘నువ్వెప్పుడన్నా నాతో వచ్చావా? టార్చి పట్టుకుని పురుగుల కోసం పోతావు గాని.’

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ‘పెట్టవే, ఆకలేస్తంది’ అంది.

ఆమెకు చెప్పలేదు. మీకు చెప్పాను. రెండు రాత్రులుగా ఈ ఉత్తరం రాసి చించుతున్నాను, ఇది మూడోది. గోడ చూసి వచ్చాను. చార ఉంది మేడం. పదహారు నెలలు ఆ గోడ మీదే కీచురాళ్ళను లెక్కపెట్టాను, చార కనిపించలేదు.

దీవెన


చల్లపల్లి
16 మార్చి 2026

దీవెనా,

ఫ్యూజు పీకింది నువ్వని ఎవరికి చెప్పావు? నాకు. నేను డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను, మోకాళ్ళు పనిచేయని మనిషిని, నీ మీద ప్రేమ ఉన్నదాన్ని. నాకు చెప్పడం తేలిక. సంజీవరావుకి చెప్పు.

ఇప్పుడు నా సంగతి. ఆ అర్జీలో నాలుగో సంతకం నాది. నువ్వు చూసే ఉంటావు, కోపంలో కూడా ఆ మాట ఎత్తలేదు. అది నీ మర్యాద. ముప్పైరెండేళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. గుహలో దీపాలు పెడితే ఏమవుతుందో నీకు తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. మా పిల్ల అర్జీ రాసిందన్న మురిపెంలో చదవకుండా పెట్టాను సంతకం. తర్వాత నీకు ఆ పాత కాగితం పంపినప్పుడు కూడా నీ పేరా చూపించాను గాని నా పేరు చూపించలేదు. చేతకాలేదు.

దీనితో పాటు కమిటీకి ఒక ఉత్తరం పెడుతున్నాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకో నాలుగు వాక్యాల్లో. అందరి ముందూ చదువు. నా తప్పు దగ్గర గొంతు తగ్గించకు, నీ తప్పు దగ్గర పెంచకు. శౌరయ్య గారిని ‘గారు’ అని పిలువు. ఆ డెబ్బై మెట్లు మోసినందుకైనా.

ఇంకో మాట. కొండ మెట్ల మీద ఎప్పటినుంచో ఉన్న దీపాలు తీయమనకు. పురుగుల పేరు చెప్పి మనుషుల్ని పడేసే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

శాంతకుమారి


భవానీపురం
23 మార్చి 2026, సోమవారం

మేడం గారికి,

ముందు సంజీవరావన్న ఇంటికి వెళ్ళాను. శనివారం. ఫ్యూజు అతని చేతిలో పెట్టి చెప్పాను. చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, ‘రేపు మైకులో చెప్పు, నేను వినడానికి వస్తాను’ అన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

నాయనమ్మకి ఆ సాయంత్రం చెప్పాను. ‘నాకు తెలుసు’ అంది. ఎలా అంటే, ‘మూడు వారాలుగా నువ్వు ఎవర్నీ తిట్టలేదు’ అంది. ఆ రాత్రి నా చేతి ముద్ద వద్దని, ఎడమచేత్తో తనే తింది. అది కూడా రాయాలి మీకు.

నిన్న పూజ అయ్యాక ఫాదర్‌గారు మైకు ఇచ్చారు. లైట్లు అడిగింది నేనే అన్నాను. ఫ్యూజు పీకింది నేనే అన్నాను. సంజీవరావన్నకు అందరూ క్షమాపణ చెప్పాలి, మొదట నేను అన్నాను. అరిచారు మేడం. శౌరమ్మ పెద్దమ్మ చెప్పు తీసింది. శౌరయ్య గారు లేచి నిలబడితే సద్దుమణిగింది.

‘వెయ్యమందీ నువ్వే, తియ్యమందీ నువ్వే,’ అన్నారు. ‘మధ్యలో నిచ్చెన ఎక్కి దిగడానికి నేనొకణ్ణి దొరికాను మీ ఇద్దరికీ.’

‘ఇద్దరెవరు?’ అన్నాను.

‘నీకూ నీ అర్జీకీ.’

అప్పుడు మీ ఉత్తరం చదివాను. మీ తప్పు దగ్గర గొంతు తగ్గించలేదు. తర్వాత లెక్క చదివాను. అరవైనాలుగు, నలభైఒకటి, పదిహేడు, తొమ్మిది. ఆదివారం పొద్దున ఆరు. ఆరు అనగానే వెనకబెంచీలో ఎవరో ‘అయ్యో’ అన్నారు. ఎవరో తెలియదు. ఆ ఒక్క అయ్యో కోసం నేను మూడు నెలలు అరిచాను.

‘చెయ్యి విరిగిన మనిషి ఏం చెబితే అది,’ అన్నారు శౌరయ్య గారు. అందరూ నాయనమ్మ వైపు తిరిగారు. ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునే తీర్పు చెప్పింది. మెట్ల మీద లైట్లు ఉండాలి. స్వరూపం దగ్గర ఒకటి ఉండాలి, గుడ్డతో కప్పి, వెలుగు లోపలికి పోకుండా. లోపలి ఆరూ దించాలి. కాని గుడ్‌ఫ్రైడే సిలువమార్గం ఆ చివరి గదికి పోవాల్సిందే, అది మానే ప్రసక్తి లేదు. కాబట్టి అంతకుముందే కాలనీ అంతా పాత నడక నేర్చుకోవాలి. తను నేర్పుతుంది. ‘వచ్చే మట్టల ఆదివారం ఒకసారి నడిచి చూద్దాం. ఒక్కళ్ళు పడ్డా సరే, శౌరీ, సోమవారం పొద్దున్నే మళ్ళీ లైట్లు బిగించు. దీవెన నిచ్చెన పట్టుకుంటది.’

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేయను? ఆరు మిగిలాయి మేడం. వాటిలో గుడ్లు పెట్టేవి ఉన్నాయో లేదో కూడా నాకు తెలియదు. గబ్బిలాలు తిరిగి వస్తాయో రావో ఎవరూ చెప్పలేరు. మా కాలనీలో సగంమందికి ఆ గోడ ఎప్పుడు ముట్టుకున్నారో గుర్తు లేదు, మిగతా సగం ఎన్నడూ ముట్టుకోలేదు. ఇప్పుడు నూట ఇరవైమంది పడకుండా నడవాలి. ఇవాళ జిరాక్సు షాపులో ఒకరి భూమి కాగితాలు తలకిందులుగా తీశాను.

శౌరయ్య గారు నిన్న మధ్యాహ్నమే లోపలి లైట్లు దించేశారు. నిచ్చెన నేను పట్టుకున్నాను. ‘సరిగ్గా పట్టుకో, నన్ను కూడా పడేస్తావు’ అన్నారు.

ఈ కింది కాగితం ఇవాళ ఓనరుగారికి చెప్పి, అడిగి అచ్చు వేశాను. ఇంటింటికీ ఇస్తున్నాను. మీ కాపీ ఇది. మోకాళ్ళ సంగతి తెలుసు. సంజీవరావన్న బస్టాండుకి తన ఆటో తెస్తానన్నాడు, మెట్ల మీద శౌరయ్య గారు ఉన్నారు. సంతకం వెనక్కి తీసుకున్నవాళ్ళు గుహ ఒకసారి చూడాలి కదా. రండి.

దీవెన


కొండకాలనీ వారందరికీ

మన గుహ చివరి గదిలో బయట ఎక్కడా బతకలేని జీవాలు ఉన్నాయి. దీపాలు అడిగి వాటికి కీడు చేసింది ఈ కాగితం రాసిన దీవెన. చెప్పకుండా దీపాలు ఆర్పి మనిషికి కీడు చేసింది కూడా ఆమే. ఇప్పుడు వాటికి చీకటి కావాలి, మనకు నడక కావాలి. రెండూ కుదురుతాయని అమలమ్మ అంటోంది.

టార్చీలు వద్దు. సెల్‌ఫోన్లు ఇంట్లో పెట్టి రండి. ఎడమచేతికి గాజులు, వాచీలు తీసేయండి, గోడకు తగులుతాయి. చెప్పులు మొదటి మెట్టు దగ్గర విడవాలి. ముసలివాళ్ళు ముందు, వాళ్ళ కొంగు పట్టుకుని పిల్లలు, ఆ వెనక మిగతావాళ్ళు. గోడ నున్నగా ఉన్నంతసేపు నడవండి, గరుకు తగిలినచోట ఆగి వెనకవాళ్ళకు చెప్పండి. గదిలో మాట్లాడకండి, ఏదీ తొక్కకండి. గబ్బిలాలు బయలుదేరే వేళకు అందరం బయటికి వచ్చేయాలి.

పడకుండా నడవాలి. పడితే దీపాలు మళ్ళీ వస్తాయి.

29 మార్చి, మట్టల ఆదివారం, సాయంత్రం సరిగ్గా ఐదున్నరకు, కొండ కింద మొదటి మెట్టు దగ్గర. ఎవరూ ఇంట్లో ఉండిపోవద్దు.